దగ్గు పొలిమేర

మా గవ్వలదిబ్బలో దగ్గు లేదని ప్రభుత్వం తేల్చిన పూట మా వదిన దానమ్మ దగ్గుతూనే ఉంది. తేల్చినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. తెలిసుంటే ఏం చేసేవారో తర్వాత చూశాం కనక, తెలియకపోవడమే నయమనిపించింది.

వదిన సరుగుడాకు పొగలో చేపలు కాల్చి, గంపకెత్తుకుని, ఎగువ ఊళ్ళు తిరిగి అమ్మిన మనిషి. చేపకు పట్టగా మిగిలిన పొగంతా ఆమె రొమ్ములోకి పోయింది. చలి ముదిరినా, తూర్పుగాలి తిరిగినా, లోపల పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడామెను మా ఊరి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళతాను. అక్కడొక మిషను ఉంది. మందు పోసి మీట నొక్కితే పాములా బుసకొట్టి, మందును మంచులా మార్చి, మూతికి పెట్టిన గిన్నెలోకి వదులుతుంది. దానికి ఇంగ్లీషు పేరేదో ఉంది. మేం బుసమిషను అంటాం. కాసేపటికి వదిన తిట్టడం మొదలుపెడుతుంది. ఎవరిని తిడుతోందన్నది ముఖ్యం కాదు. తిడుతోందంటే ఊపిరి అందిందని అర్థం. నర్సమ్మ రత్నకుమారి ఆ తిట్లు విని మీట కట్టేస్తుంది.

ఊళ్ళో దగ్గు ఎలా మాయమైందంటే, రెండు కాగితాలు ఒక బల్ల మీద కలుసుకోవడం వల్ల.

మొదటిది సముద్రంలోంచి వచ్చింది. మా రేవుకెదురుగా నీళ్ళడుగున రాతిగట్టు ఉంది. అక్కడ వల తగిలితే చేపలతో పాటు బూడిదరంగు స్పాంజి ముక్కలు పడతాయి. ఒళ్ళంతా కన్నాలు. ముట్టుకుంటే దురద, ఎండితే కంపు. ఎవరి వలలో పడితే వాడు ఒక తిట్టు తిట్టి మళ్ళీ నీళ్ళలోకి విసురుతాడు. మాకూ దానికీ అంతకుమించి పరిచయం లేదు. యూనివర్సిటీ నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చి వాటిని సీసాల్లో పెట్టి పట్టుకుపోయింది. ఎందుకమ్మా అని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. స్పాంజికి కాళ్ళు లేవు, పారిపోలేదు. పళ్ళు లేవు, కరవలేదు. అందుకని తనను కాపాడుకునే మందులేవో తన ఒంట్లోనే తయారుచేసుకుంటుందట. అందులో ఒకదాన్ని గాజుపళ్ళెంలో పెంచిన మనిషి శ్వాసనాళపు కణాల మీద పోసి, ఆ పైన జలుబు తెచ్చే వైరసును వదిలితే, కొన్ని కణాలు చావకుండా నిలబడ్డాయట.

"అయితే దగ్గుకి మందు దొరికీసినట్టేనా అమ్మా?" అన్నాను.

"లేదండీ. అది పళ్ళెంలో కణాల మాట. మనిషిలో ఏమవుతుందో ఇంకా తెలియదు. తెలియడానికి చాలా ఏళ్ళు పడుతుంది. చివరికి ఏమీ తేలకపోవచ్చు కూడా" అంది.

ఇలా మాట్లాడే మనిషికి పై అధికారుల దగ్గర కుర్చీ వెయ్యరని నాకప్పుడే అనిపించింది.

రెండో కాగితం మా అమ్మవారి పండగలో పుట్టింది. పండగకు రాట వేసిన దగ్గర్నుంచి అమ్మవారిని సాగనంపే దాకా మా ఊళ్ళో ఎవరూ జబ్బు పేరెత్తరు. ఆ రోజుల్లో అమ్మ వీధిలో తిరుగుతూ ఉంటుంది. జబ్బు పేరెత్తితే తననే పిలిచారనుకుని గడప లోపలికి వచ్చేస్తుంది. అందుకని జ్వరంతో వణికేవాణ్ణి కదిపినా "సల్లగున్నాను" అంటాడు. కాలు విరిగినవాడు పడుకునే "సల్లగున్నాను" అంటాడు. తాతల నాటి కట్టడి. ఇంటింటికీ తిరిగి జబ్బులు రాసుకునే సర్వే సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది.

సర్వే బాబు మా అరుగు మీద కూర్చుని, చేతిలో పలకలాంటి ఫోను పట్టుకుని, వదినను అడిగాడు.

"దగ్గుందా అమ్మా?"

వదిన దగ్గి, కొంగుతో మూతి తుడుచుకుని, "నేదు బాబూ" అంది.

"ఆయాసం?"

ఆమె పాక గుంజ పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది. "సల్లగున్నాను. అమ్మ దయ."

"ఇప్పుడు దగ్గారు కదా?"

"దగ్గినాను బాబూ. కానీ నేదు."

ఆయన మంచివాడే. ఫోను కేసి చాలాసేపు చూశాడు. అందులో ఉంది, లేదు అని రెండే గడులున్నాయట. దగ్గి లేదన్నవాళ్ళకు గడి లేదు. నిట్టూర్చి లేదు నొక్కాడు. ఊరంతా అలాగే నొక్కుకుంటూ పోయాడు. సాయంత్రానికి గవ్వలదిబ్బ అంత ఆరోగ్యంగా ఉన్న ఊరు మరొకటి లేకుండా పోయింది.

ఈ రెండు కాగితాలూ కలుసుకున్న బల్ల డైరెక్టరు పరాంకుశంగారిది. ఆయనది సముద్రాలకూ ఆరోగ్యానికీ మధ్య ఎక్కడో ఉండే ఒక శాఖ. ఆ శాఖ ఏం చేస్తుందో ఎవరికీ తెలియక చాలాకాలంగా ప్రశాంతంగా ఉండేది. ఒక కాగితం చూశారు. రెండో కాగితం చూశారు. కారెక్కి మా ఊరొచ్చేశారు.

చేపలు వేలంపాట పెట్టే పాకలో సభ పెట్టారు. మైకందుకుని ఇలా సెలవిచ్చారు:

"సోదర సోదరీమణులారా! సముద్రమందు స్పాంజి కలదు. స్పాంజియందు శ్వాసరక్షక పదార్థం కలదు. అట్టి సముద్రమందు మీరు కలరు. కావున మీయందు అట్టి పదార్థం కలదు. ఇది ఊహ కాదు. సర్వే ప్రకారం ఈ గ్రామమందు దగ్గు సున్న. ఆయాసం సున్న. ఈ సున్నలు మన జాతి సంపద!"

మేం చప్పట్లు కొట్టాం. కులపెద్ద ఎల్లాజీకి శాలువా కప్పారు కదా, కొట్టకపోతే బాగుండదు.

"ఈ మహత్తర జీవిని స్థానికులు ఏ నామంతో వ్యవహరిస్తారు?" అని డైరెక్టరుగారు అడిగారు.

ఎల్లాజీ శాలువా సర్దుకుని మెలికలు తిరిగాడు. "యవహారం ఏటుంది బాబూ. వల్లో పడితే ముదనష్టం అంటాం."

గుమస్తా రాసుకున్నాడు. వారం తిరక్కుండా రేవులో పచ్చరంగు బోర్డు వెలిసింది: ముదనష్టం పరిరక్షణ మండలి, గవ్వలదిబ్బ. అంత నిజాయితీగా పేరు పెట్టుకున్న సర్కారు బోర్డు నేను మరొకటి చూడలేదు.

ఆ రోజు సభ మధ్యలో వదినకు దగ్గు తెర వచ్చింది. మైకు కూడా దాన్ని అందుకుంది. డైరెక్టరుగారు ప్రసంగం ఆపి, "ఆమెది ఏ ఊరు?" అన్నారు.

"ఈ ఊరేనండీ" అంది నర్సమ్మ.

"ఈ ఊరైతే అది దగ్గు కాదు. గొంతు సవరణ."

"బాబూ" అంది వదిన, ఊపిరి దొరకబుచ్చుకుని, "నా పెనిమిటున్న కాడ్నుంచీ సవరిస్తన్నాను. ఇంకా తెమలటం నేదు."

జనం నవ్వారు. ఆ నవ్వులో ముగ్గురికి గొంతు సవరణలు వచ్చాయి.

తర్వాతి వారం జీపు వచ్చి ఆరోగ్య కేంద్రం ముందు ఆగింది. దగ్గు లేని ఊళ్ళో దగ్గు మిషను ఉండటం నిరర్థక ఆస్తి కిందికి వస్తుందట. బుసమిషనును గోనెలో చుట్టి, సీలు వేసి, ఉప్పుటేరుకు అవతలున్న జీడివలస ఆరోగ్య కేంద్రానికి తరలించారు. మందుసీసాలు కూడా పోయాయి. నర్సమ్మ జీపుకు అడ్డంగా నిలబడి, "సార్, ఇక్కడ దానమ్మ అని ఒకావిడ ఉన్నారు. ఇది లేకపోతే ఆవిడ బతకదు" అంది.

"ఒక్క వ్యక్తిని పట్టుకుని సున్నను పాడుచేస్తామా అమ్మా?" అన్నారు జీపులో కూర్చున్నాయన. అడిగిన తీరు మర్యాదగానే ఉంది.

తూర్పుగాలి తిరిగేసరికి వదినను రిక్షా బండిలో కూర్చోబెట్టి, ఏటి మీద చెక్కవంతెన దాటించి, జీడివలస తీసుకెళ్ళాను. కంప్యూటరు ముందు గుమస్తా కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక అద్దాల బీరువాలో మా బుసమిషను కనిపిస్తూనే ఉంది. దాని మీద గవ్వలదిబ్బ అని రాసిన రంగు అక్షరాలు ఇంకా చెరపలేదు.

"ఊరు?"

"గవ్వలదిబ్బండి."

"జబ్బు?"

వదిన దగ్గింది. జవాబదే.

గుమస్తా మీటలు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "తీసుకోవట్లేదండీ. మీ ఊరు పేరు కొడితే దగ్గు, ఆయాసం, ఉబ్బసం మూడూ మసకేసిపోతున్నాయి. ఇంకేదైనా జబ్బు చెప్పండి. మోకాలి నొప్పి పెట్టమంటారా? అది తీసుకుంటోంది."

"మోకాలు సల్లగున్నాది బాబూ" అంది వదిన.

"ఒట్టి చేతుల్తో పంపిస్తే మాకు మాటొస్తుందండీ" అని ఆయన మోకాలి నొప్పి కొట్టి, పైపూత మందు చేతిలో పెట్టాడు.

బండిలో తిరిగొస్తుంటే వదిన ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మోకాలికి రాసుకుంటే రొమ్ము తెరుసుకుంటాదేటి మరిదీ?"

"రాసి సూద్దాం వదినా" అన్నాను. ఆమె రాసుకుంది. మోకాళ్ళు వెచ్చబడ్డాయి. మిగతాదంతా మామూలే.

మండలి పని చురుగ్గా సాగింది. ఇకపై వలలో పడ్డ స్పాంజిని నీళ్ళలోకి విసరకూడదు. తిట్టకూడదు. గౌరవంగా ఒడ్డుకు తెచ్చి మండలికి అప్పగించాలి. వాళ్ళు దాన్ని ఇసుకలో కుప్పలు పోసి ఎండబెట్టారు. ఎందుకు ఎండబెడుతున్నారో హిమజమ్మకు కూడా తెలియదట. స్పాంజిలో సన్నని గాజుముళ్ళలాంటివి ఉంటాయి. ఎండి పొడైతే అవి గాలికి లేస్తాయి. దాంతో ఊళ్ళో దగ్గని వాళ్ళు కూడా దగ్గడం నేర్చుకున్నారు. శ్వాసరక్షణ అంత బలంగా వీచింది.

దగ్గు వినపడుతోందని పైకి ఎవరో రాశారు. కంఠ పర్యవేక్షకులని ఇద్దరిని వేశారు. మెడలో ఈలలు వేసుకుని వీధులమ్మట తిరగడం వాళ్ళ ఉద్యోగం. దగ్గు వినిపిస్తే ఈల వెయ్యాలి. ఈల వేశాక ఆ శబ్దాన్ని నవ్వు, పొలమారడం, గొంతు సవరణ అనే మూడింట్లో ఏదో ఒకదాని కింద రాసుకోవాలి. ఎక్కువగా నవ్వే రాసేవారు. ఆ నెలలో మా ఊరు సంతోషంలో కూడా ముందుకొచ్చిందని విన్నాను.

ఈలల గోల పడలేక జనం ఏటి అవతలికి పోయి దగ్గి రావడం మొదలుపెట్టారు. పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళినట్టు దగ్గు పట్టుకుని వెళ్ళేవారు. వంతెన మీద ఎదురైతే "అయిందేటి?" "అయిపోనాది, నువ్వెల్లు" అని పలకరింపులు. జీడివలస వాళ్ళకు కోపం వచ్చింది. వాళ్ళ సర్పంచి వంతెన మొగలో నిలబడి ఎల్లాజీని నిలదీశాడు.

"ఏటయ్యా పెద్దా? మీ ఊరి దగ్గులన్నీ తెచ్చి మా గట్టు మీద పారబోసెల్తారేటి? మా ఊరి లెక్క పాడైపోతన్నాది."

"ఏటి సేస్తాం బావా. మా ఊళ్ళో దగ్గుకి సోటు నేదు" అన్నాడు ఎల్లాజీ. ఆ రోజు అతను కూడా దగ్గడానికే వచ్చాడు.

వదిన మాత్రం అంత దూరం రాలేకపోయేది. దగ్గు వస్తే తలగడలో మొహం దాచుకునేది. దగ్గును నొక్కిపెడితే ఊపిరి అందేది కాదు. ఊపిరి తీసుకుంటే దగ్గు వచ్చేది. ఇక లాభం లేదని ఎల్లాజీని వెంటబెట్టుకుని పట్నంలో డైరెక్టరుగారి ఆఫీసుకు వెళ్ళాను. హిమజమ్మ కూడా అక్కడే బల్ల ఎదురుగా నిలబడి ఉంది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఎల్లాజీ చేతులు కట్టుకుని పండగ సంగతంతా విప్పి చెప్పాడు. ఆ రోజుల్లో అడిగితే లేదనే అంటామనీ, ఉన్నా లేదనే అంటామనీ చెప్పాడు.

డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు. "అనగా, మీ గ్రామం మొత్తం ప్రభుత్వానికి అసత్యం పలికిందని ఒప్పుకుంటున్నారా?"

"అసత్తెం కాదు బాబూ. అది అమ్మకి సెప్పిన మాట. మజ్జిలో మీ బాబు ఇని రాసీసుకున్నాడు."

"అయితే అమ్మవారు వచ్చి సవరణ దరఖాస్తు పెట్టుకోవాలి. ఒకసారి మూసిన గణాంకాన్ని తెరిచే అధికారం నాకు లేదు."

హిమజమ్మ గొంతు సవరించుకుంది. నిజంగా సవరించుకోవడమే. "సార్, అసలు ఆ పదార్థాన్ని ఇంతవరకూ మనిషి మీద పరీక్షించనే లేదు. పళ్ళెంలో కణాలు తప్ప..."

"పరీక్ష ఎందుకమ్మా, ఫలితం వచ్చేశాక?" అన్నారాయన. ఆ అమ్మాయి నోరు మూసుకోలేదు. ఇంకేదో చెప్పబోయింది. ఆయనకు ఫోను వచ్చింది.

వెళ్ళేముందు నేనొక్క మాట అడిగాను. "మా వదినకి ఆయాసం ఉంది బాబూ. ఏం చెయ్యమంటారు?"

ఆయన చాలా దయగా చూశారు. "మీ వదినగారికి ఆయాసం ఉండటానికి మాకు ఎలాంటి అభ్యంతరం లేదు. గవ్వలదిబ్బలో ఉండటానికే అభ్యంతరం."

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. బస్సులో ఎల్లాజీ దారిపొడుగునా తిడుతూనే ఉన్నాడు. నేను ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంటూ వచ్చాను.

చలి ముదురుతుండగా పైనుంచి పెద్ద కమిటీ వస్తుందని కబురొచ్చింది. దేశంలోకెల్లా శ్వాస బాగున్న ఊరిని ఎంపిక చేసే కమిటీ అట. ఇసుకలో స్పాంజి కుప్పల పక్కనే వేదిక కట్టారు. అతిథులకు సంపద కనపడాలి కదా. వీధులు కడిగారు. ముసలివాళ్ళను ఇళ్ళల్లోంచి బయటికి రావద్దన్నారు.

అప్పటికి వదిన తిట్టడం మానేసింది. నన్ను తిట్టలేదు, ఈలవాళ్ళను తిట్టలేదు. వలల మూటకు ఆనుకుని కూర్చుని, భుజాలు ఎగరేసి గాలి లాగుతోంది. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అంబులెన్సుకు ఫోను చేస్తే ఊరి పేరడిగారు, జబ్బడిగారు, కంప్యూటరులో రాసి ఉన్న మోకాలి నొప్పికి బండి రాదన్నారు. నర్సమ్మ ఆమె నాడి పట్టుకుని, "ఇవాళ మిషను పెట్టకపోతే కష్టం" అని నా చెవిలో చెప్పింది.

రేవు నుంచి మైకు శబ్దం వస్తోంది. ఏం చెయ్యాలో తోచక అటే వెళ్ళాను.

కమిటీ అధ్యక్షులవారు మాట్లాడుతున్నారు. ఈ ఊరి గాలి పీల్చగానే తనకు పదేళ్ళ వయసు తగ్గిందన్నారు. ఇంకొంచెం పీల్చారు. అదే సమయానికి తూర్పుగాలి కుప్పల మీంచి లేచింది. ఆయన దగ్గారు. మామూలు దగ్గు కాదు. మైకు రెండు చేతుల్తో పట్టుకుని, వంగిపోయి, కళ్ళనీళ్ళు కారేలా దగ్గారు. ఈలవాడు అలవాటు కొద్దీ ఈల వేసి, నాలిక కరుచుకున్నాడు.

డైరెక్టరుగారి మొహంలో నెత్తురు లేదు. సున్న పగిలిపోతోంది. ఆయన చుట్టూ చూసి, భూములు కొలిచే సర్వేయరును కళ్ళతో పిలిచారు. సర్వేయరు అనుభవమున్న మనిషి. గొలుసు తీసి, వేదిక చుట్టూ పరిచి, పటం విప్పి, తల ఊపాడు.

డైరెక్టరుగారు మైకందుకున్నారు. "ఒక చిన్న సాంకేతిక వివరణ. తాజా కొలతల మేరకు ఈ వేదిక ఉన్న స్థలం జీడివలస రెవెన్యూ పరిధిలోకి వస్తుంది. అధ్యక్షులవారు జీడివలసలో దగ్గి ఉన్నారు. గవ్వలదిబ్బ సున్న యథాతథం."

చప్పట్లు మోగాయి. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది నేనే. చప్పట్లు కొడుతూనే వెనక్కి పరుగెత్తాను.

ఎల్లాజీ, నేను, మరో ఇద్దరూ కలిసి వదినను నులకమంచం మీద కూర్చోబెట్టి, మోసుకొచ్చి, వేదిక మెట్ల పక్కన దించాం. "దగ్గు వదినా, ఇది జీడివలస" అన్నాను. అన్నాళ్ళుగా తలగడలో దాచుకున్నదంతా ఆమె ఒక్కసారి దగ్గింది.

అధ్యక్షులవారు ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఈవిడెవరు?" అన్నారు.

"జీడివలస ఆవిడండీ" అన్నారు డైరెక్టరుగారు వెంటనే.

"ఔనండీ, జీడివలసే" అన్నాను. "ఇల్లు మాత్రం ఇంకా గవ్వలదిబ్బలో ఉండిపోయింది. కొలతల్లో ఏదో తేడా."

డైరెక్టరుగారు నా కేసి చూశారు. వదిన దగ్గు ఆగలేదు. అధ్యక్షులవారు చెవి ఒగ్గి వింటున్నారు. డైరెక్టరుగారు నా మీంచి చూపు తీసి సర్వేయరు మీద పెట్టారు. సర్వేయరు గొలుసు భుజాన వేసుకుని, "ఇల్లెక్కడ?" అన్నాడు.

వదిన ఇల్లు కొలవడానికి ఎంతోసేపు పట్టలేదు. తులసికోట, చేపల పొయ్యి, ముందు అరుగు అన్నీ జీడివలసకు పోయాయి. నర్సమ్మ అప్పటికే వంతెన మీద పరుగెడుతోంది. జీడివలస మిషను జీడివలస ఇంటికి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. అద్దాల బీరువా తాళం ఆలస్యమైతే పగలగొడతానందట. ఆలస్యం కాలేదు.

అరుగు మీద బుసమిషను బుసకొట్టింది. వదిన మూతికి గిన్నె పెట్టి పట్టుకున్నాను. ముందు ఏమీ మారలేదు. నర్సమ్మ మరోసారి మందు పోసింది. భుజాలు ఎగరడం తగ్గింది. పెదాల మీది నేరేడు రంగు అంచుల నుంచి వెనక్కి పోయింది. ఏం జరుగుతోందో చూడటానికి డైరెక్టరుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వదిన గిన్నె పక్కకు జరిపి, ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ముదనష్టపోడా, అడ్డం తప్పుకో. గాలాడనీ."

నర్సమ్మ మీట కట్టేసింది. నేను వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. డైరెక్టరుగారు మాత్రం కమిటీవారి వైపు తిరిగి, పొరుగూరి ఆవిడకు కూడా స్పాంజి పేరు నోట్లో ఎలా ఆడుతోందో గమనించమన్నారు.

మర్నాటికల్లా సర్వేయరు ఇంటి ముందు వరస కట్టారు. మా తాతకు ఉబ్బసం అని ఒకరు, మా పిల్లకు రొంప అని ఒకరు. అందరికీ ఒకటే కోరిక, ఇల్లు జీడివలసలోకి కొలిపించుకోవాలి. ఈలవాళ్ళు కూడా దగ్గు వినపడ్డ చోటల్లా ఈల వేసే పని మాని, సర్వేయరుకు దారి చూపించడం మొదలుపెట్టారు. డైరెక్టరుగారు అడ్డు చెప్పలేదు. ఒక్కో ఇల్లు బయటికి పోయేకొద్దీ గవ్వలదిబ్బ ఆరోగ్యం మరింత స్వచ్ఛమవుతోందని ఆయన సంతోషం.

ఎల్లాజీ ఒక్కడే మొరాయించాడు. "కులపెద్దని. ఊరొగ్గీసి నానెక్కడికెల్తాను?" అని గుంజ పట్టుకుని కూర్చున్నాడు. రెండు రాత్రులు ఓర్చుకున్నాడు. మూడోనాడు పొద్దున్నే గొంతు పట్టుకుని సర్వేయరు దగ్గరికొచ్చి, "నన్నూ కొలిసీయండి బాబూ, ఊరు నానూ కలిసే ఎల్తాం" అన్నాడు.

చివరికి గవ్వలదిబ్బలో మిగిలినవి రెండే. ఒకటి మండలి బోర్డు, దాని కింద స్పాంజి కుప్పలు. రెండోది సరుగుడు తోపు అవతల వల్లకాడు. దాన్ని కొలవమని ఎవరూ అడగలేదు. మా అన్న కూడా అక్కడే ఉన్నాడు.

శ్వాస పురస్కారం గవ్వలదిబ్బకే వచ్చింది. కమిటీ రిపోర్టులో రాశారట, ఇంత నిశ్శబ్దమైన ఊరు తాము ఎక్కడా చూడలేదని. పట్నంలో పెద్ద సభ, తామ్రపత్రం, ఫోటోలు. ఒక్కటే చిక్కు. పురస్కారం ఆ ఊరి నివాసి చేతికే ఇవ్వాలని నియమం ఉంది. ఊళ్ళో నివాసి లేడు.

డైరెక్టరుగారు గుమస్తాను తీసుకుని వదిన అరుగు మీదికొచ్చారు. వదిన అప్పుడు మిషను పెట్టుకుని కూర్చుంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, మాట మెత్తన చేశారు.

"చూడండి అమ్మా. మీరు పెద్దవారు. మొహంలో కళ ఉంది. ఒక్క రోజుకు మీ ఇంటిని మళ్ళీ గవ్వలదిబ్బలో కలిపేద్దాం. మీరు వేదిక మీద దగ్గకుండా కూర్చుని పత్రం అందుకుంటే చాలు. మిషను ఆ ఒక్క రోజూ జీడివలసలో ఉంటుంది. సాయంత్రానికి మిమ్మల్ని మళ్ళీ బయటికి కొలిపిస్తాం."

నేను లేచి నిలబడ్డాను. వదిన నన్ను చేత్తో కూర్చోమని సైగ చేసింది. గిన్నె కిందికి దించింది.

"ఇప్పుడా ఊళ్ళో ఎవులున్నారు బాబూ?"

"అదే కదమ్మా సమస్య. ఎవరూ..."

"నేకేం? మా ఆయనున్నాడు. తోపు ఎనకాల. ఎల్లిన కాడ్నుంచీ ఒక్క పాలి కూడా దగ్గనేదు. మీకు కావలసినోడు ఆయనే. ఆయన్ని పిలండి" అంది వదిన. "నాను ఆ ఊరు రావలసినప్పుడు ఎలాగూ వస్తాను. తొందర నేదు. మీరు గొలుసట్టుకు రానక్కర్నేదు."

డైరెక్టరుగారు కాసేపు ఆలోచించారు. తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని చూశారు, దొరికినట్టు లేదు. గుమస్తా కేసి తిరిగి, "రాసుకోండి" అన్నారు. తర్వాత నన్నడిగారు. "ఆయన పేరు? ఇంటిపేరుతో సహా."

చెప్పాను.

"దగ్గు?"

"లేదండీ."

"ఆయాసం?"

"లేదండీ."

గుమస్తా రెండుసార్లూ టిక్కు పెట్టాడు. వదిన గిన్నె మూతికి పెట్టుకుని లోపల్లోపల నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు తెరలు తెరలుగా వచ్చి దగ్గులోకి దిగింది. గుమస్తా ఉలిక్కిపడి కలం ఎత్తాడు.

"ఏం కాదు, దగ్గనివ్వండి" అన్నాను. "అది జీడివలస దగ్గు."